ఒక అంకణం ఇచ్చి, అంకణంపావు పుచ్చుకుంటే

ప్రశ్న: మాది తిరుపతి ఎమ్మార్‌పల్లి. 2003లో కొన్న 54 అంకణాల (36 ఇంటూ 54 అడుగుల) స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. తూర్పు ముఖం, ముందర రోడ్డు. మాకు ఉత్తరం పక్క ఇంటి అన్నావాళ్లతో ఇన్నేళ్లలో ఒక్క మాటపట్టింపు కూడా లేదు. పోయిన నెల టేపు పెట్టి కొలిస్తే వాళ్ల ఇంటి వెనక మెట్లు మా జాగాలోకి రెండడుగులు వచ్చాయని తేలింది. 18 అడుగుల పొడవున అలాగే ఉంది. పడగొట్టమని మేం ఎలా అడుగుతాం? మాకేమో ముందర కారు లోపలికి తిరగడానికి వాళ్ల వైపు మూడడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు కావాలి. వెనక ముక్క వాళ్లు తీసుకుని ముందర ముక్క మాకిస్తామన్నారు, డబ్బు మాట లేదు. వంద రూపాయల బాండు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలని దస్తావేజు లేఖరి అంటాడు. ఒకరికొకరు గిఫ్ట్ రాసుకుందాం అని మా ఆయన అంటారు. వాళ్ల ఇల్లు ఇంకా చనిపోయిన వాళ్ల నాయన పేరు మీదే ఉంది. అమ్మ ఉంది, అన్నకు ఇద్దరు చెల్లెళ్లు, ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో. మా ఇంటి మీద బ్యాంకు లోను ఇంకా ఆరేళ్లు ఉంది. ఇంత చిన్న ముక్కకు రిజిస్ట్రేషన్ దాకా పోవాలా? మా సిద్ధాంతి మాత్రం ఈశాన్యం పెరుగుతుంది, వెంటనే చేసుకోండి అన్నాడు.
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: పోవాలమ్మా. ముక్క ఎంత చిన్నదైనా పోవాల్సిందే. వంద రూపాయలు, ఆ పైన విలువ చేసే ఇల్లూ జాగా అమ్మితే రిజిస్టరు దస్తావేజు తప్పనిసరి అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెప్తుంది. ఒకరి ఆస్తి ఇచ్చి ఇంకొకరి ఆస్తి పుచ్చుకునే ఎక్స్ఛేంజ్‌కు కూడా అమ్మకానికి ఉన్న పద్ధతే పాటించాలని అదే చట్టం 118వ సెక్షన్‌లో ఉంది. వంద రూపాయల లోపు విలువ చేసే జాగా ఇవాళ తిరుపతిలో కాలి బొటనవేలు ఆనేంత కూడా ఉండదు కాబట్టి, మినహాయింపు మాట మరిచిపోండి.

నోటరీ చేసే పని, సంతకం పెట్టింది మీరేనని ధ్రువీకరించడం వరకే. జాగా మీద హక్కు అందువల్ల మారదు. రిజిస్టర్ చేయాల్సిన కాగితాన్ని చేయించకపోతే అది హక్కును బదిలీ చేయదని, ఆ బదిలీకి సాక్ష్యంగా కోర్టు దాన్ని తీసుకోదని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ చెప్తుంది. పైగా ఆ బాండు పేపరు ఈసీలో, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలన్నీ చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లో, ఎక్కడా కనపడదు. రేపు మీరో, వాళ్లో ఇల్లు అమ్మాలనుకున్నారనుకోండి. కొనేవాళ్ల లాయరు ఈసీ తీస్తాడు, దస్తావేజులో కొలతలు చూస్తాడు, స్థలం మీదికి టేపు పంపిస్తాడు. కాగితానికీ గోడకూ పొంతన కుదరదు. బేరం అక్కడే ఆగుతుంది. ఇంకా చిక్కు ఏమిటంటే, అన్నావాళ్లు అమ్మేసి వెళ్లిపోతే, కొన్నవాడు మీ గేటు ముందు నిలబడి ‘మా డాక్యుమెంటు ప్రకారం ఇది మా జాగా’ అంటాడు. చట్టం వాడి పక్కనే ఉంటుంది. మీకూ అన్నావాళ్లకూ ఉన్న స్నేహం వాడితో ఉండదు కదా.

పన్నెండేళ్లు అనుభవిస్తే మనదే అయిపోతుంది అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. ఒప్పుకుని ఇచ్చిపుచ్చుకున్న జాగాలో కూర్చుని, యజమాని హక్కును కాదని బహిరంగంగా అనుభవించాం అని కోర్టులో రుజువు చేయడం తేలికైన పని కాదు. దాన్ని నమ్ముకుని గేటు కట్టవద్దు.

ఇక మీ వారు చెప్పిన గిఫ్ట్. ప్రతిఫలం లేకుండా ఇచ్చేదే గిఫ్ట్. మీరు ఇస్తున్నది వాళ్లు ఇస్తున్నందుకు. రెండు గిఫ్టులు ఒకే రోజు, ఒకే కౌంటర్లో రాసుకుంటే దాన్ని గిఫ్ట్ అని ఎవరూ నమ్మరు. డబ్బు కలిసొస్తుందని ఆయన అనుకుని ఉంటారు. తగ్గింపు స్టాంపు డ్యూటీ కుటుంబ సభ్యుల మధ్య గిఫ్టులకే. పక్కింటివాళ్లు ఎంత సొంతవాళ్లలా ఉన్నా రిజిస్ట్రార్ దగ్గర పక్కింటివాళ్లే. కొందరు లేఖరులు ‘రిలీజ్ రాద్దాం, తక్కువలో అయిపోతుంది’ అని కూడా అంటారు. రిలీజ్ అంటే ఒకే ఆస్తిలో భాగస్థులు ఒకరి భాగం ఇంకొకరికి వదులుకోవడం. మీరిద్దరూ వేర్వేరు ఆస్తుల యజమానులు, అది మీకు పనికిరాదు. అసలు దస్తావేజులోనే కొలత తప్పు పడి ఉంటే సవరణ దస్తావేజు రాసుకోవచ్చు. మీ ఉత్తరాన్ని బట్టి మీ కాగితాలు సరిగ్గానే ఉన్నాయి, తప్పంతా మెట్లు కట్టిన మేస్త్రీది.

కాబట్టి రాయాల్సింది ఎక్స్ఛేంజ్ దస్తావేజు. ఖర్చు చూస్తే మీకు ధైర్యం వస్తుంది. మీరు ఇచ్చే ముక్క 2 అడుగులు ఇంటూ 18 అడుగులు, అంటే 36 చదరపు అడుగులు. మన వైపు లెక్కలో సరిగ్గా ఒక అంకణం, నాలుగు గజాలు. (నెల్లూరు వాళ్లను అడిగితే అంకణం 72 అడుగులంటారు. అందుకే దస్తావేజులో అంకణాల పక్కన గజాలు, అడుగులు కూడా రాయించండి.) మీరు పుచ్చుకునేది 3 ఇంటూ 15, అంటే 45 చదరపు అడుగులు, అయిదు గజాలు, అంకణంపావు. స్టాంపు డ్యూటీని రెండు ముక్కల విలువ కలిపి లెక్కకట్టరు. రెండింటిలో ఎక్కువ విలువ ఉన్న ముక్క మీద మాత్రమే, అమ్మకానికి ఉన్న రేటుకు లెక్కకడతారు.

మీ వీధిలో ప్రభుత్వ మార్కెట్ విలువ గజం 20,000 అని ఉదాహరణకు అనుకుందాం. అయిదు గజాలకు లక్ష రూపాయలు. మన రాష్ట్రంలో అమ్మకానికి స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం. అంటే 7,500 రూపాయలు, పైన చిల్లర చార్జీలు. అదే రెండు వేర్వేరు సేల్ డీడ్లు రాసుకుంటే 80,000 మీదా కట్టాలి, లక్ష మీదా కట్టాలి. 13,500 అవుతుంది. మీ వీధి అసలు రేటు, ఆ రోజుకు ఉన్న డ్యూటీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని డ్యూటీ కాలిక్యులేటర్‌లో చూసుకోండి. విలువ తగ్గించి రాయించుకునే తెలివితేటలు వద్దు. అయిదు గజాల మీద మిగిలేది ఎంతని?

మీకు పావు అంకణం ఎక్కువ వస్తోంది కదా, దానికి డబ్బు ఇవ్వాలా అనే అనుమానం రావచ్చు. ఇవ్వాలని చట్టంలో లేదు. ఇచ్చినా ఎక్స్ఛేంజ్ చెల్లుతుంది, ఏ ఒక్క వైపు నుంచీ ఉత్త డబ్బే ఉండకూడదంతే. ఇస్తే మాత్రం దస్తావేజులో చూపించండి.

ఇంతవరకూ తేలిక విషయాలే. మీ వ్యవహారంలో అసలు బరువు పక్కింటి టైటిల్‌లో, అంటే యాజమాన్య హక్కులో ఉంది. ఇల్లు వాళ్ల నాయన పేరు మీద ఉంది, ఆయన లేరు. వీలునామా ఉందా అని ముందు అడగండి. లేకపోతే, ఆయన సొంతంగా సంపాదించిన ఇల్లే అయినా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, ముగ్గురు బిడ్డలకూ సమానంగా పోతుంది. ఆ ముందర ముక్కలో అన్నకు ఉన్నది నాలుగో వంతే. మీరు అడుగుతున్న మూడడుగుల వెడల్పులో అన్న వంతుకు వచ్చేది తొమ్మిది అంగుళాలు. ఆయన ఒక్కడే సంతకం పెడితే మీకు దక్కేది కూడా అంతే. పిత్రార్జితమైతే 2005 సవరణ తర్వాత ఆడపిల్లలకు పుట్టుకతోనే హక్కు. ఎటు తిప్పినా చెల్లెళ్లు సంతకం పెట్టాల్సిందే. ‘పెళ్లిళ్లకు బాగానే పెట్టాం, వాళ్లేమీ అడగరు’ అని అన్న అనవచ్చు. నిజంగానే అడగరేమో. ఈ వాదన మాత్రం కోర్టులో నిలబడదు. పైగా అడగాల్సింది వాళ్లు కాకపోయినా వాళ్ల పిల్లలు కావచ్చు.

అలా ఎవరైనా తర్వాత వచ్చి ఆ ముక్క గెలుచుకుంటే మీ గతేమిటి? ఆస్తి బదిలీ చట్టం 119వ సెక్షన్ మీకు కొంత రక్షణ ఇస్తుంది. ఎదుటివాళ్ల టైటిల్ లోపం వల్ల మీరు పుచ్చుకున్నది పోతే, నష్టపరిహారం అడగవచ్చు, లేదా మీరు ఇచ్చిన ముక్కను తిరిగి ఇమ్మనవచ్చు. కానీ ఆ ముక్క ఇంకా వాళ్ల దగ్గరో, వాళ్ల వారసుల దగ్గరో, ఉచితంగా పుచ్చుకున్నవాళ్ల దగ్గరో ఉంటేనే తిరిగి వస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాడి చేతికి పోతే రాదు. మెట్లతో సహా ఇల్లు అమ్ముడుపోతే మీకు మిగిలేది దావా ఒక్కటే.

దీనికి మార్గం మీరు అనుకుంటున్నంత కష్టం కాదు. ఇంటి పంపకాలు ముందు తేల్చుకుని రండి అని వాళ్లతో అనకండి. ఆ మాట మీరు అనాల్సింది కాదు, అంటే ఇరవై ఏళ్ల స్నేహం ఒక్క పూటలో చెడుతుంది. ఎక్స్ఛేంజ్ దస్తావేజులో రెండో పార్టీగా నలుగురినీ చేర్చండి చాలు: అమ్మ, అన్న, చెల్లెళ్లిద్దరూ. మీరు ఇచ్చే వెనక ముక్క కూడా ఆ నలుగురి పేరు మీదే పోతుంది. ఎవరి వాటా ఎవరికీ తగ్గదు, వాళ్ల పంపకాలు వాళ్లు తీరిగ్గా చేసుకుంటారు. వారసులు ఈ నలుగురేనని చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాయనగారి మరణ ధ్రువీకరణ పత్రం కాపీలు మీ ఫైల్లో ఉంచుకోండి.

బెంగళూరు చెల్లెలు ఒక రోజు వచ్చి పోవడమే మేలు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ స్లాట్‌కు అందుతుంది. అమెరికా ఆవిడకు పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఇక్కడొక జాగ్రత్త. అన్న పేరు మీద జనరల్ పవర్ పంపమంటే ఏ ఆడబిడ్డకైనా అనుమానం వస్తుంది, రావడం తప్పు కూడా కాదు. ఈ 45 చదరపు అడుగుల మార్పిడికి మాత్రమే పనికొచ్చే స్పెషల్ పవర్ రాయించండి, డ్రాఫ్టుతో పాటు స్కెచ్ కూడా వాట్సాప్‌లో పంపండి. ఆవిడ అక్కడ భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ముందు గానీ సంతకం పెట్టి పంపాలి. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు చాలామంది మరిచిపోతారు, తర్వాత పెనాల్టీల గోల. అమెరికా కాగితం చేతికి వచ్చాకే మిగతావాళ్ల తేదీ ఖాయం చేసుకోండి.

మీ వైపు చిక్కు బ్యాంకు. లోను ఇచ్చినప్పుడు మీ ఒరిజినల్ దస్తావేజు పెట్టుకుని తనఖా రాయించుకున్నారు కదా, అది 54 అంకణాలకూ వర్తిస్తుంది. అందులో ఒక అంకణం బ్యాంకుకు చెప్పకుండా ఇచ్చేస్తే, తనఖా ఆ అంకణంతో పాటే పోయి అన్నావాళ్ల మెట్ల కింద కూర్చుంటుంది. ఈసీ తీస్తే ఎవరికైనా కనపడుతుంది. మేనేజరుకు స్కెచ్ జత చేసి ఉత్తరం పెట్టండి: వెనక 36 చదరపు అడుగులు ఇస్తున్నాం, ముందర రోడ్డు వైపు 45 చదరపు అడుగులు వస్తోంది, కొత్త ముక్కను కూడా తనఖాలో చేరుస్తాం, అనుమతి ఇవ్వండి అని. వాళ్లకు పోయేది తక్కువ, వచ్చేది ఎక్కువ. అయినా వాళ్ల ప్యానెల్ లాయరు చూసి అభిప్రాయం రాయాలి, పై ఆఫీసు సరే అనాలి. నెల పట్టినా ఆశ్చర్యపోకండి. ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రాతపూర్వకంగా రావాలి, నోటి మాట చాలదు. అన్నావాళ్ల ఇంటి మీద కూడా ఏదైనా అప్పు ఉందేమో వాళ్ల ఈసీ తీసి చూడండి. మొహమాటపడవద్దు, మీ ఈసీ కూడా వాళ్లకు ఇవ్వండి.

తిరుపతిలో ఇంకొకటి తప్పకుండా చూడాలి. దేవస్థానం భూములు, మఠం భూములు, ప్రభుత్వ భూములు ఊరి చుట్టూ ఎంతగా అల్లుకుని ఉన్నాయో మీకు తెలియంది కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు గానీ, వాళ్ల నంబరు గానీ ఉంటే సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు తీసుకోరు. 2003లో మీకు రిజిస్టర్ అయింది కాబట్టి ఇప్పుడూ అవుతుందని ధీమా పడవద్దు, జాబితాలో నంబర్లు తర్వాత కూడా చేరుతుంటాయి. శాఖ వెబ్‌సైట్‌లోనే వెతకవచ్చు, అయిదు నిమిషాల పని. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు కేటాయించిన) స్థలమైతే అసైన్డ్ భూముల చట్టం అడ్డు రావచ్చు. మార్చుకోవడం కూడా బదిలీ కిందికే వస్తుంది.

ఇప్పుడు కొలత. దస్తావేజులో ఎన్ని పేజీలున్నా రేపు తగాదా వస్తే అందరూ తిప్పేది ఆస్తి కొలతలు, హద్దులు రాసే షెడ్యూల్ పేజీనే, దాని వెనక ఉన్న స్కెచ్‌నే. మీరు, మీ వారు, అన్న కలిసి పట్టిన టేపును నమ్మవద్దు. లైసెన్సు ఉన్న సర్వేయర్‌ను పిలవండి. ఆయన మెట్ల దగ్గర మొదలుపెట్టకూడదు. రోడ్డు అంచు నుంచి, వీధిలో కదలకుండా ఉన్న పాత హద్దు రాయి నుంచి రెండు స్థలాలనూ పూర్తిగా కొలిచి, రెండు దస్తావేజుల కొలతలతో సరిపోయిందని తేల్చాకే ముక్కలు గీయాలి. మీ స్థలం కాగితం మీద 36 ఇంటూ 54. ఉత్తరం దక్షిణం 36 నిజంగా ఉందా? ఒకవేళ దక్షిణం వైపు ఇల్లు మీలోకి అడుగు జరిగి ఉంటే, మీరు అనుకుంటున్న రెండడుగులు అసలు రెండడుగులు కాకపోవచ్చు. రెండు కొలతలకూ పొంతన కుదరకపోతే హద్దులు తేల్చమని మీసేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టుకోండి, ప్రభుత్వ సర్వేయర్ వస్తారు.

గీత తేలాక సున్నంతో గీయించి, ఒక ఆదివారం రెండు ఇళ్లవాళ్లూ దాని పక్కన నిలబడండి. బోరు ఎటు పడింది, డ్రైనేజీ చాంబర్ ఎటు పడింది, కరెంటు మీటరు తీగ ఎక్కడి నుంచి వస్తోంది, వాళ్ల మెట్ల కింద నుంచి మీ పైపు ఏదైనా పోతోందా, అన్నీ అప్పుడే బయటపడతాయి. ముందర ముక్కలో అన్నావాళ్ల కొళాయి కనెక్షన్ ఉంటే అది ఎవరి ఖర్చుతో, ఎన్ని రోజుల్లో జరపాలో దస్తావేజులో ఒక వాక్యం రాయించండి. కొబ్బరిచెట్టు ఉంటే దాని సంగతి కూడా. నవ్వకండి, ఇలాంటి తగాదాల్లో జాగా కన్నా చెట్టు గురించి పడే మాటలే ఎక్కువ.

షెడ్యూల్ నాలుగు భాగాలుగా రాయమనండి. ‘ఎ’ మీ మొత్తం స్థలం, ‘బి’ వాళ్ల మొత్తం స్థలం, ‘సి’ మీరు ఇచ్చే ముక్క, ‘డి’ మీరు పుచ్చుకునే ముక్క. ‘సి’ ఈ తీరున ఉండాలి: ‘ఎ షెడ్యూలు ఆస్తిలో వాయవ్య మూలన, తూర్పు పడమరలు 18 అడుగులు, ఉత్తర దక్షిణాలు 2 అడుగులు, వెరసి 36 చదరపు అడుగులు, అనగా 4 చదరపు గజాలు, అనగా 1 అంకణం. దీనికి హద్దులు: తూర్పు, ఒకటో పార్టీ మిగులు స్థలం, పడమర, వెనక ఇంటివారి స్థలం, ఉత్తరం, రెండో పార్టీ స్థలం, దక్షిణం, ఒకటో పార్టీ మిగులు స్థలం.’ ‘డి’కి తూర్పున రోడ్డు, దక్షిణాన మీ స్థలం, పడమర, ఉత్తరాన వాళ్ల మిగులు స్థలం వస్తాయి. ‘రెండడుగుల వరకు’, ‘మెట్లు ఉన్న మేరకు’ లాంటి మాటలు ఎక్కడ కనపడినా కొట్టేయించండి. మెట్లు రేపు కూలగొడితే ఆ మేర ఎక్కడుందని వెతుకుతారు? ఆ మెట్లు కట్టుకున్నది రెండో పార్టీయేనని, వాటి మీద మీకు హక్కు లేదని కూడా ఒక మాట ఉండాలి. స్కెచ్ మీద రెండు ముక్కలకూ వేర్వేరు రంగులు వేయించి, అందరూ దాని మీద కూడా సంతకాలు పెట్టండి.

మునిసిపల్ ప్లాన్ సంగతి లేఖరులు ఎత్తరు, అందుకే నేను చెప్తున్నాను. రిజిస్ట్రేషన్ జాగా మీద హక్కును సరిచేస్తుంది, కట్టడాన్ని సరిచేయదు. మెట్లు ఇప్పుడు వాళ్ల జాగాలోకి వచ్చినా, కొత్త హద్దుకు ఆనుకునే ఉంటాయి, సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) లేకుండా. ముందర మూడడుగులు మీకిచ్చాక వాళ్ల ఇంటికి ఆ వైపు ఖాళీ ఆ మేరకు తగ్గుతుంది. వెనక వైపు మీకూ రెండడుగులు తగ్గుతుంది. పై అంతస్తు వేసే ఆలోచన మీకు గానీ, వాళ్లకు గానీ ఉంటే, ఇప్పుడే కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో పాత ప్లాన్, కొత్త స్కెచ్ చూపించి అడగండి. రిజిస్టర్ చేసుకున్నాక ప్లాన్ ఆగిపోయిందని తెలిస్తే అన్నావాళ్లు మిమ్మల్నే అంటారు, మీ కారు కోసమే కదా అని.

నిజంగా మీకు కావాల్సింది కారు తిరగడానికి దారి మాత్రమే అయితే, జాగా పుచ్చుకోకుండా దారి హక్కు మాత్రం రిజిస్టరు చేయించుకునే మార్గం కూడా ఉంది. కానీ దాంతో వాళ్ల మెట్ల సమస్య తీరదు, మీరు అక్కడ గేటూ గోడా కట్టలేరు. మీ విషయంలో ఎక్స్ఛేంజే సరి అని నా అభిప్రాయం.

సిద్ధాంతి మాట అన్నారు. మీకు ఈశాన్యం పెరిగేమాట నిజమే. అదే లెక్కన అన్నావాళ్లకు నైరుతి పెరుగుతుంది, దాన్ని వాస్తువాళ్లు మంచిదనరు. వాళ్ల సిద్ధాంతి ఇంకా స్కెచ్ చూసినట్టు లేడు. సర్వేయర్‌కు డబ్బులు ఇచ్చే ముందే ఈ ముచ్చట తేల్చుకోండి. అంతా సిద్ధమై స్లాట్ బుక్ చేశాక ఎవరో వచ్చి నైరుతి అని తల అడ్డంగా ఊపితే అందరికీ టెన్షన్. మూఢం, ఆషాఢం అని రిజిస్ట్రేషన్ ఆపుకుంటే ఆపుకోండి, కొలతలకూ బ్యాంకు ఉత్తరానికీ మూఢం లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: సంతకాలు పెట్టిన తేదీ నుంచి నాలుగు నెలల లోపు దస్తావేజు రిజిస్ట్రేషన్‌కు ఇవ్వాలి. ముహూర్తం కోసం ముందే సంతకాలు చేసి బీరువాలో దాచవద్దు.

ఆ రోజు రెండు వైపుల వాళ్లూ ఆధార్, పాన్ కార్డులతో, ఇద్దరు సాక్షులతో వెళ్లండి. ఇక్కడ అమ్మేవాడు, కొనేవాడు అని ఉండరు, ఇద్దరూ ఇచ్చేవాళ్లే, ఇద్దరూ పుచ్చుకునేవాళ్లే. అందరి ఫొటోలు, వేలిముద్రలు పడతాయి. దస్తావేజుతో పాటే డూప్లికేట్ కూడా రాయించి రిజిస్టర్ చేయించండి. డూప్లికేట్‌కు స్టాంపు ఖర్చు నామమాత్రం. లేకపోతే ఒరిజినల్ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో చర్చ అవుతుంది, పైగా మీ బ్యాంకు ఒరిజినల్ తమకే కావాలంటుంది. ఆదాయపన్ను లెక్కలో మార్పిడి కూడా ఆస్తి బదిలీయే. ఇంత చిన్న విలువకు పెద్దగా ఏమీ పడకపోవచ్చు గానీ, రిటర్న్ వేసే ఆడిటర్ చెవిన వేయండి.

రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు ఇళ్లకూ కొత్త ఈసీ తీయండి. రెండింటిలోనూ ఈ ఎక్స్ఛేంజ్ దస్తావేజు నంబరు కనపడాలి. ఒకదానిలో కనపడకపోతే డేటా ఎంట్రీలో ఆ షెడ్యూల్ జారిపోయిందన్నమాట, వెంటనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చెప్పి సరిచేయించండి. తర్వాత కార్పొరేషన్‌లో దస్తావేజు కాపీ ఇచ్చి, ఇంటి పన్ను రికార్డులో మీ స్థలం 54 అంకణాల నుంచి 54 అంకణాలంపావు, అంటే 217 గజాలకు మార్పించండి. వాళ్ల రికార్డు ఎలాగూ నాయనగారి పేరు మీదే ఉంది కాబట్టి, పేర్ల మార్పిడికి వాళ్లు వెళ్లిన రోజే విస్తీర్ణం కూడా మార్చుకోమనండి. కొత్త గేటుకు మేస్త్రీని పిలిచేది ఆ ఈసీలు చేతికి వచ్చాకే.